ఏ పొయ్యి బూడిద

సెలీనా చేసే ఉద్యోగం ఏమిటో ఒక్క ముక్కలో చెప్పమంటే ఎవరికైనా నోరు తిరగదు. కంటితో చూడని చెత్తకు, వాసనైనా తగలని చెత్తకు, అసలు మన దేశంలోనే లేని చెత్తకు నంబర్లు వేయడం. బాపట్లలో బి.ఎస్సీ. కెమిస్ట్రీ ఫస్టు క్లాసులో పాసై, హైదరాబాదు వచ్చి, మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడల పక్క సందులో ఓ రెండంతస్తుల ఆఫీసులో చేరి, ఆ పిల్ల పొద్దస్తమానం చేస్తున్నది అదీ. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. తొంభై తొమ్మిది ఫిబ్రవరిలో ఒక బుధవారం నాడు ఆమె ముఖం చూసినవాళ్ళు మాత్రం నవ్వలేదు.

సంగతి ఇదీ. ఐర్లండ్‌లో ఒక కంపెనీ ఉంది. ఫ్యాక్టరీల్లోంచి, దుకాణాల్లోంచి, ఆసుపత్రుల్లోంచి చెత్తను ఎత్తి, దేన్ని ఎక్కడికి చేర్చాలో అక్కడికి చేర్చడం వాళ్ళ వ్యాపారం. ప్రతి డ్రమ్ముకూ ఒక చీటీ ఉంటుంది. ఆ చీటీల బొమ్మలు సముద్రాలు దాటి ఇక్కడి కంప్యూటర్లలోకి వచ్చి కూర్చునేవి. ఇక్కడ పన్నెండు మంది వాటిని చదివి, యూరప్ దేశాలన్నీ కలిసి రాసుకున్న చెత్తల జాబితాలోంచి ఆరంకెల నంబరు వెతికి వేయాలి. మొదటి రెండంకెలు ఏ రకం పరిశ్రమో చెబుతాయి, మధ్య రెండు అందులో ఏ పనో, చివరి రెండు అసలు వస్తువేమిటో. ఆ నంబరును బట్టే అక్కడ లారీ కదులుతుంది. ఒక నంబరు డ్రమ్ము మామూలు గుంతలోకి పోతుంది, ఒకటి తాళాలు వేసిన గిడ్డంగిలోకి, ఇంకొకటి రోడ్డు పనివాళ్ళ చేతికి.

మనుషులన్నాక పొరపాట్లు చేస్తారు కాబట్టి దానికీ ఒక ఏర్పాటు ఉంది. ఒకే చీటీని ఇద్దరు విడివిడిగా చూసి నంబరు కొట్టాలి. ఇద్దరిదీ ఒకటే అయితే కంప్యూటర్ ఒప్పుకుని ముందుకు పంపేస్తుంది. తేడా వస్తేనే ఎర్రగీత పెట్టి, టీమ్ లీడర్ రవీందర్ ముందు పడేస్తుంది. సెలీనాకు జోడీ పుణ్యవతి. ఇద్దరికీ ఎర్రగీతలు తక్కువ. ఆ మాట రవీందర్ మీటింగులో నలుగురి ముందూ అన్నప్పటి నుంచి సెలీనా నడకలో కూడా కాస్త తేడా వచ్చింది. వచ్చిందంటే తప్పేం కాదు లెండి, ఇరవై మూడేళ్ళ వయసు.

అయితే ఆ పని ఇంకా వాళ్ళది కాలేదు. మూడు నెలలు చేయించి చూస్తామని, వరసగా ఏ వెయ్యి చీటీల్లోనైనా ఐదు కంటే ఎక్కువ తప్పులు తేలితే బెంగుళూరుకు ఇచ్చుకుంటామని ఐర్లండ్ వాళ్ళు ముందే చెప్పారు. రెండు నెలలు గడిచాయి. రవీందర్‌ది లింగంపల్లి. లీడర్ పదవి కొత్త, ఇంట్లో ఇద్దరు పిల్లలు, చిన్నదాన్ని ఆ ఏడే బడిలో వేశాడు. అతను రోజూ పొద్దున రాగానే పన్నెండు మంది ముఖాలూ చూసి, ఫికర్ చేయకండి అనేవాడు. అందరికంటే ఎక్కువ ఫికర్ అతనిదేనని అందరికీ తెలుసు.

ఆ బుధవారం పదకొండు గంటల వేళ సెలీనా టీ గ్లాసు పెట్టేద్దామని వెనక కొళాయి దగ్గరికి వెళ్ళింది. ఆఫీసు ఊడ్చి, టీలు అందించే చంద్రమ్మ అక్కడ గొంతుక్కూర్చుని గ్లాసులు తోముతోంది. చంద్రమ్మది మాదాపూర్ పాత ఊరే. సబ్బు పొడి నాలుగు రోజుల క్రితమే అయిపోయిందని, తెమ్మంటే ఎవరూ తేవడం లేదని, బూడిదతో లాగిస్తున్నానని సణిగింది. మాట్లాడుతూనే, వాచ్‌మన్ తెచ్చి పెట్టిన డబ్బాడు బూడిదను ఎత్తి గోడ అవతల పారబోసింది. పక్కనున్న ఇంకో డబ్బాలోంచి పిడికెడు తీసుకుని మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.

అదీ బూడిదే ఇదీ బూడిదే కదా, ఎందుకు పారబోశావని సెలీనా అడిగింది. ఊరికే అడిగింది. చిన్నప్పుడు బాపట్లలో అమ్మతో పాటు బావి గట్టున కూర్చుని ఎన్ని గిన్నెలు తోమిందో. బూడిదంటే ఆమె లెక్కలో శుభ్రమైన వస్తువు.

"బూడిదంటే అంత ఒక్కటేనా బిడ్డా?" అంది చంద్రమ్మ. "ఏ పొయ్యిదో చూడొద్దా? గా బిల్డింగుల ఎనక వైర్లు కాలుస్తరు చూడు, రాగి కోసం, ఆ జాగల బూడిద. చేతులు మండుతయి. దాంతోని తోమిన గ్లాసుల చాయ్ తాగుతవా?"

సెలీనా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఏ పొయ్యిదో చూడాలి. జాబితా పుస్తకం మొదటి పేజీలో రాసి ఉన్నదీ అదే. ముందు చెత్త ఎక్కడ పుట్టిందో చూడు, ఆ తర్వాతే అదేమిటో చూడు. ట్రైనింగులో ఆ వాక్యాన్ని చర్చిలో బైబిలు వాక్యం చదివినట్టు అందరూ కలిసి చదివారు. చదివి మరిచిపోయారు. నిన్న మధ్యాహ్నం వరసగా వచ్చిన చీటీల్లో 'బూడిద, పొడిది, ఒక డ్రమ్ము' అని ఉంది. ఎక్కడ పుట్టిందన్న గడిలో 'నాలుగో యూనిట్' అని మాత్రమే ఉంది. నాలుగో యూనిట్ అంటే ఏమిటో, ఐర్లండ్ వాళ్ళు పుస్తకం వెనక చేర్చిన అనుబంధం తెరిచి చూసిందా? లేదు. బూడిదే కదా అని బాయిలర్ బూడిద నంబరు కొట్టేసింది. పది, సున్నా ఒకటి, సున్నా ఒకటి. చకచకా కొట్టింది. కంప్యూటర్ ఒక్క ఎర్రగీత కూడా పెట్టలేదు.

ఎలా పెడుతుంది? పుణ్యవతి కూడా గిన్నెలు బూడిదతో తోమిన ఇంట్లోంచి వచ్చిన పిల్లే. ఇద్దరూ ఒకే తప్పు చేస్తే కంప్యూటర్‌కు అది ఒప్పే.

సెలీనా మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. పుస్తకం వెనక అనుబంధం తెరిచి వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది. నాలుగో యూనిట్, పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే చోటు. ఆ డ్రమ్ముల్లో ఉన్నది పొయ్యి బూడిద కాదు, కొలిమి పొగలో పట్టుకున్న సీసపు దుమ్ము. దాని నంబరు పది, సున్నా నాలుగు, సున్నా నాలుగు. తాళాలు వేసిన గిడ్డంగికి పోవలసింది. బాయిలర్ బూడిద అయితే దారులు వేసేవాళ్ళు తీసుకుపోయి, పరిచి, దిమ్మిస కొట్టి గట్టిపరుస్తారు. పిల్లల ఒంట్లోకి సీసం పోతే ఏమవుతుందో కెమిస్ట్రీ చదివిన పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. లెక్కపెట్టింది. ఇరవై ఆరు చీటీలు. అన్నీ నిన్న సాయంత్రమే వెళ్ళిపోయాయి. అక్కడ లారీలు పొద్దున ఏడింటికి బయలుదేరతాయి, అంటే ఇక్కడ పన్నెండున్నర. గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది.

రవీందర్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. పుణ్యవతి పేరు ఎత్తలేదు. అతను పుస్తకం చూశాడు, చీటీలు చూశాడు, చివరికి తలుపు వైపు చూశాడు, ఎవరైనా వింటున్నారేమోనని.

"జర ఆగు," అన్నాడు నెమ్మదిగా. "ఇప్పుడే లొల్లి చెయ్యకు. సాయంత్రం బ్యాచ్‌తోని సరిచేసి పంపుదాం, ఎవ్వరికీ తెల్వది. ఇరవై ఆరు తప్పులంటే ఏందో ఎరుకేనా? అందరం రోడ్డు మీద పడ్తం."

అతను చెడ్డవాడు కాదు. ఆ క్షణంలో అతని కళ్ళ ముందు పన్నెండు కుర్చీలు ఖాళీగా కనబడ్డాయి, అంతే. సెలీనాకూ అవే కనబడ్డాయి. కొండాపూర్‌లో ముగ్గురమ్మాయిలతో కలిసి ఉన్న కిరాయి గది, ఇంటికి రాయాల్సిన ఉత్తరం, పుణ్యవతి ముఖం, అన్నీ గుర్తొచ్చాయి. సరేనండి అని తల ఊపి వెళ్ళి కూర్చుంటే ఎంత సుఖమో కూడా అనిపించింది. దాచడమెందుకు, నిజంగానే అనిపించింది.

"సాయంత్రానికి లారీలు వెళ్ళిపోతాయండి," అంది. "నంబరు మనం మార్చగలం. పరిచేసిన దుమ్ము ఎవరు ఎత్తుతారండీ?"

రవీందర్ రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. తర్వాత సొరుగు లాగి మేనేజరు గది తాళంచెవి తీశాడు. మేనేజరు మద్రాసు వెళ్ళాడు. విదేశాలకు మాట్లాడే ఫోను ఆ గదిలో ఒక్కటే, దానికో రహస్య నంబరు. అది తెలిసినవాళ్ళు ఇద్దరే, అందులో రవీందర్ ఒకడు. ఐర్లండ్‌లో అప్పటికి తెల్లవారుజామున ఆరు దాటింది, ఆఫీసులో ఎవరూ ఉండరు. చీటీ మీద అచ్చువేసిన ఫోను నంబరు ఒక్కటే దిక్కు. అది డ్రమ్ములు దించే యార్డు గేటుది. రవీందరే నంబరు తిప్పాడు. మూడుసార్లు లైను దొరకలేదు. నాలుగోసారి మోగింది. రిసీవరు సెలీనా చేతిలో పెట్టి పక్కన నిలబడ్డాడు.

ఎత్తిన మనిషి గొంతు ముసలిది. అతను మాట్లాడింది ఇంగ్లీషేనని నమ్మడానికి సెలీనాకు కాస్త సమయం పట్టింది. ఆమె ఇంగ్లీషు అతనికీ అలాగే ఉండి ఉంటుంది. ఆమె మొత్తం కథ చెప్పబోయింది, అతను ఏమిటి ఏమిటి అన్నాడు, మళ్ళీ చెప్పింది, మళ్ళీ ఏమిటి అన్నాడు. పన్నెండయింది. చివరికి కథ మానేసి అంకెలు చదవడం మొదలుపెట్టింది. డ్రమ్ము నంబరు, పాత నంబరు తప్పు, కొత్త నంబరు ఇదీ. ఇలా ఒకటి తర్వాత ఒకటి ఇరవై ఆరు. అవతల పెన్ను కాగితం మీద గీస్తున్న చప్పుడు వినబడింది. చివర్న సీసం అనే ఒక్క మాట చెప్పింది. వెంటనే అవతల ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు, తలుపు తోసిన చప్పుడు.

ఆ తర్వాత పద్దెనిమిది నిమిషాలు ఏమీ లేదు. గాలి హోరు, దూరంగా ఇంజను గుర్రుమనడం, అంతే. రవీందర్ నిమిషానికోసారి గడియారం చూశాడు, లైను కట్ అయిందా అని కళ్ళతోనే అడిగాడు, సెలీనా లేదని తల అడ్డంగా ఊపింది. ఆమె ప్రార్థన చేస్తోందని పెదవులు కదలడం చూసి అతనికి అర్థమైంది. అద్దం తలుపు అవతల పుణ్యవతి, మిగిలినవాళ్ళు పని ఆపేసి నిలబడ్డారు. ఇంజను చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది.

ముసలాయన తిరిగి వచ్చి ఆయాసపడుతూ మాట్లాడాడు. ఈసారి ఆమెకు ప్రతి మాటా తెలిసింది. పంతొమ్మిది డ్రమ్ములు షెడ్డులోనే ఉన్నాయి. ఏడు లారీ ఎక్కేశాయి. డ్రైవరు బండి తీస్తూ ఉంటే అడ్డం నిలబడి తాళంచెవి లాగేసుకున్నానన్నాడు. డ్రైవరు తిట్టాడనీ, తిట్టుకోనీ అనుకున్నాననీ అన్నాడు. ఇప్పుడు ఏడూ దించిస్తున్నాడట. లారీ ఎక్కడికి వెళుతోందని సెలీనా అడిగింది. కాగితం చూసి చెప్పాడు. చిన్నపిల్లల బడి ఒకటి కొత్తగా కట్టారు, దాని చుట్టూ నడిచే దారి వేస్తున్నారు.

ఫోను పెట్టేశాక ఆమె మేనేజరు కుర్చీలోనే కూలబడింది. ఏడుపు వచ్చింది, దాంతోపాటే నవ్వూ వచ్చింది, రెండింటినీ ఆపుకోలేదు. ఆగిపోయింది సార్, దించేస్తున్నారు సార్, అని మాత్రం చెప్పగలిగింది. గుండెల మీంచి బండ దించినట్టయిందని అంటూంటారే, అది ఒట్టి మాట కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. రవీందర్ ఎక్కడికి పోతోందట అని అడిగాడు. చెప్పింది.

"సాయంత్రందాక ఆగుదామన్నది నేనే గద," అన్నాడు. బల్ల మీది కాగితం లాక్కుని ఐర్లండ్ ఆఫీసుకు ఫ్యాక్సు రాశాడు. ఇరవై ఆరు తప్పులు, తప్పు మాది, ఇద్దరు చూసినా మా టీమ్ పట్టుకోలేకపోయింది, అని స్పష్టంగా రాసి కింద తన సంతకం పెట్టాడు. సెలీనా పేరు అందులో లేదు.

నాలుగున్నరకు ఫోను వచ్చింది. అవతల ఆ కంపెనీలో నంబర్లన్నీ చూసే పెద్దావిడ. రవీందర్ నిలబడే మాట్లాడాడు. ఎస్ మేడమ్, ఎస్ మేడమ్ అనడమే తప్ప ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. పన్నెండు మందీ అతని పెదవుల వంకే చూస్తున్నారు. పెట్టేసి బయటికి వచ్చాడు. ఇరవై ఆరు తప్పులూ లెక్కలో రాస్తారట, అందులో మినహాయింపు ఉండదని చెప్పిందట. పుణ్యవతి కళ్ళు తుడుచుకుంది.

"ఇగ వినుండ్రి," అన్నాడు రవీందర్. "ఇంతకు ముందు ఈ పని రెండు చోట్ల చేయించిన్రట. రెండు చోట్లా ఇదే యూనిట్, ఇదే తప్పు. నెలలు గడిచినంక వాళ్ళే కనుక్కున్నరట. ఒక్కరు గూడ ఫోన్ చెయ్యలేదట. మనం చేసినం, గందుకే మూడో నెల చూడకుండనే సోమవారం నుంచి పని మనదే."

ఎవరో చప్పట్లు కొట్టబోయి మానుకున్నారు. ఆ రెండు చోట్ల పడిన తప్పు నంబర్లతో కదిలిన లారీలు ఎక్కడికి పోయాయోనన్న ఆలోచన సెలీనాకు వచ్చింది, ఆ ఒక్క ఆలోచన మాత్రం ఆ తర్వాత ఆమెను వదల్లేదు. కానీ ఈ లారీ ఆగింది. పుణ్యవతి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. సెలీనా కడుపు నిండా ఊపిరి పీల్చుకుంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని, విపరీతమైన ఆకలి వేస్తోందని అప్పుడే ఆమెకు తెలిసింది.