నేలతల్లి వాటా

నా మణికట్టు విరిగిన మాట నిజమే. అయితే ఆ పాపం నిచ్చెనది, చెట్టుది కాదు. ఈ ముక్క మా అమ్మాయి యోవానాకి ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు.

మా సింతి లోయలో ద్రాక్ష తీగ మోయె చెట్టుని పట్టుకుని ఎగబాకుతుంది. ఎర్రకొండల కింద, ఏటి ఒడ్డున, మా అమ్మమ్మ ఎక్కించిన తీగలు ఏడు చెట్ల మీద ఉన్నాయి. గెలలు కొయ్యాలంటే నిచ్చెనెక్కాల్సిందే. యాభై ఎనిమిదేళ్ళొచ్చినా నేనే ఎక్కుతాను. ఈ మార్చి కోతల్లో మెట్టు విరిగి కింద పడ్డాను.

ఇంకేం, తారిహా పట్నంలో వైన్ చదువు చదివొచ్చిన యోవానాకి సందు దొరికింది. పై పొలంలో దాని ఇనుప పందిరి అప్పటికే మూడేళ్ళుగా కాస్తోంది.

"ఆగస్టులో ఆ చెట్లు కొట్టించేసి అక్కడా పందిరి వేద్దామమ్మా. నేల మీద నిలబడి కోసుకోవచ్చు."

"ముందు నన్ను కొట్టించెయ్యవే, పీడా పోతుంది!"

మూడు నెలలు ఇంట్లో ఇదే రభస. చివరికి మా ఆయన ఎర్మోహెనెస్ చేతులు జోడించాడు. "తల్లీ కూతుళ్ళిద్దరికీ దండం. పోయినేడు వైన్లు రెండూ ఊళ్ళోవాళ్ళకి పోద్దాం. ఏది ఎవరిదో చెప్పను. ఏది నచ్చితే వాళ్ళ మాటే నెగ్గుతుంది."

సరేనన్నాను గానీ, ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

మా పాత గుర్రాలసాలనే యోవానా రుచి చూసే గదిగా మార్చింది. పెద్ద కిటికీ పెట్టించింది, అందులోంచి ఎర్రకొండలు కనిపిస్తాయి. నేలంతా తెల్ల టైల్స్ పరిపించింది. నేను పోట్లాడి బల్ల ముందు దాని పొడవునా జానెడు మట్టి అలాగే వదిలించాను. పచమామకి, అంటే మా నేలతల్లికి, నాలుగు చుక్కలు పొయ్యకుండా ఇక్కడెవరూ పెదవి తడుపుకోరు. యోవానా ఒక మూల పింగాణీ కుండ కూడా పెట్టింది. రుచి చూశాక వైన్ అందులో ఉమ్మాలట! పక్కింటి సతుర్నినా పెద్దమ్మ దానికేసి చూసి, "పూలు పెట్టడం మర్చిపోయావే పిల్లా" అంది.

జూలైలో ఒక ఆదివారం, చర్చి అయ్యాక పదకొండుమంది వచ్చారు. మా ఆయన రెండు కూజాలు తెచ్చాడు, ఒకదాని మెడకి ఎర్ర దారం, ఇంకోదానికి తెల్ల దారం. నేనూ యోవానా కూడా తాగాం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మా చెట్ల వైన్ తాగుతున్నదాన్ని, గుండె దడలో నాకే ఏది ఏదో పోల్చుకోవడం చేతకాలేదు.

అందరూ నేలతల్లిని తలుచుకుని చుక్కలు పోశారు, తాగారు, మేకపాల చీజ్ నమిలారు, కాగితాల మీద మార్కులు వేశారు. యోవానా కాగితాలు తిరగేసి నెత్తి కొట్టుకుంది.

"అన్నిట్లో పదికి పది! రెండిటికీ పదే! ఇదేం పరీక్ష, మాస్టారూ?"

"ముప్పై ఏళ్ళు బడిలో ఎవర్నీ ఫెయిల్ చెయ్యలేదమ్మా. ఇప్పుడు మీ ఇంట్లో మొదలుపెట్టమంటావా?" అన్నాడు ఎలెయుతేరియో మాస్టారు.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఏదో అనబోతూ కిందికి చూశాను. నాలుగు చుక్కలు పడాల్సిన చోట ఆ జానెడు మట్టీ బురదై ఉంది. వైన్ టైల్స్ మీదికి కూడా పారుతోంది.

"పెద్దమ్మా, ఇవాళ భక్తి కాస్త ఎక్కువైనట్టుందే?"

సతుర్నినా పెద్దమ్మ శాలువా సర్దుకుంది. "తల్లికి దాహంగా ఉందమ్మా."

"ఏ దారం కూజా అంటే దాహం?"

"తెల్ల దారం. చెడ్డదని కాదు సుమా! తల్లికి నచ్చుతుందేమోనని."

"నేనూ తెల్లదే," అన్నాడు మాస్టారు గొంతు సవరించుకుంటూ. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు, అందరూ తెల్లదేనన్నారు. తెల్లది నా చెట్లదైతే అవి పోయినట్టే.

"నోరు విప్పవయ్యా మగడా!"

మా ఆయన కూతురి ముఖం చూడలేక పైకప్పు చూశాడు. "తెల్ల దారం పందిరిది."

ఎగిరి గంతెయ్యబోయి యోవానా కాళ్ళ వైపు చూశాను. దాని బూట్ల ముందు కూడా బురదే.

"నువ్వు కూడా పోశావుటే?"

"సగం గ్లాసు," అంది తల దించుకుని. "నీదే అనుకున్నానమ్మా. నేనే గెలిచానని లోపల సంబరపడ్డాను కూడా." చెబుతూనే నవ్వేసింది. గదంతా గొల్లుమంది. నవ్వీ నవ్వీ ఒక్కసారిగా ఏడ్చేసింది నా పిల్ల. "చెట్ల మీద నాకేం కోపమమ్మా? నువ్వు పడ్డ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది."

దాన్ని దగ్గరికి లాక్కున్నాను.

"చెట్లుంటాయి. నిచ్చెన మాత్రం నాది," అంది నా భుజం మీంచి.

ఆగస్టులో కొమ్మలు కత్తిరించే రోజు అది తన పందిరి వైన్ సీసా తెచ్చి మొదటి చెట్టు మొదట్లో ధారగా పోసింది.

"చాల్లేవే, చెట్టు కూడా వద్దంటోంది!" అన్నాను.

నవ్వుతూ పైకెక్కింది. నేను కింద నిలబడి, నిచ్చెనని రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకున్నాను.