కడిగే కూలి

రెట్ట ఆరకముందే కడగాలి. ఆరిందంటే సిమెంటులాగా పట్టేస్తుంది, ఆ తర్వాత ఇనుప బ్రష్షుతో గీకినా ఊడి రాదు. అందుకే తిరుమలసామి లారీని వాకిట్లో నిలిపి ఇంట్లోకి పోగానే జీవ మోటారు వేసింది. నైటీ మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుని, తలకు తుండు చుట్టుకుని, పైపు భుజాన వేసుకుని వెనక చక్రం మీద కాలు పెట్టి పైకెక్కింది.

కేరళలో బ్రాయిలర్ కోళ్ళను దించి వచ్చిన ప్లాస్టిక్ పెట్టెలు, వరస మీద వరస. అడుగున తడి రెట్ట, దాంట్లో అతుక్కున్న ఈకలు, నలిగిన మేత. ఒక పెట్టె మూల మెడ వాలేసిన కోడి ఒకటి మిగిలిపోయింది. కాళ్ళు పట్టి లాగితే తోలు ఊడి చేతికొచ్చింది. ముఖం పక్కకు తిప్పుకుని దాన్ని గోతాంలో పడేసింది జీవ. రెండేళ్ళ రెండు నెలలుగా దాదాపు రోజూ చేస్తున్న పనే. ఈపాటికి అలవాటు కావాలి. కాలేదు. అలవాటైందల్లా ముఖం తిప్పుకోవడం ఒక్కటే.

"కంపెనీ షెడ్డులో కడిగిస్తే డబ్బులడుగుతారు. ఇంట్లో నువ్వుండావు గదా," అన్నాడు తిరుమలసామి మొదటి వారంలోనే. "సొంత బండి. కడిగేదానికి నామోషీ ఏమి?"

సొంత బండి. ఆ రెండు మాటలు విని విని జీవకు చెవులు పుండ్లయ్యాయి. అంతకుముందు అతను ఆ కోళ్ళ కంపెనీలోనే నెల జీతానికి డ్రైవరు. డ్రైవర్లనే ఓనర్లను చేస్తామని కంపెనీవాళ్ళు ఒక స్కీము పెట్టారు. ముందు రెండు లక్షలు కట్టాలి. తర్వాత నెలనెలా కిరాయిలో ముప్ఫై ఎనిమిది వేలు వాళ్ళే పట్టుకుంటారు. నాలుగేళ్ళకు లారీ మన పేరిట మారుతుంది. డీజిలు, టైర్లు, రిపేర్లు మనవే. లోడు మాత్రం వాళ్ళు ఇచ్చిందే ఎక్కించాలి. ఆ రెండు లక్షల కోసం ముందు పోయినవి జీవ మేపిన రెండు పాడి ఆవులు. వాటిని వ్యానెక్కించిన రోజు ఆమెను ఎవరూ ఒక మాట అడగలేదు. తాళ్ళు మాత్రం విప్పి ఇమ్మన్నారు.

కాగితాలు తెచ్చినవాడు గోకులకృష్ణన్, కంపెనీ మనిషి. వాడు గడపలో నిలబడి "పెద్దమ్మా, తాగేదానికి నీళ్ళిస్తావా?" అని అడిగాడు, తెలుగులో. అంతే, సగం పని అక్కడే అయిపోయింది. ఉడుమలైపేట చుట్టుపక్కల ఈ ఇళ్ళల్లో తెలుగంటే ఇంటి మాట. రాయడం, చదవడం ఎవరికీ రాదు. బళ్ళో అరవం, బజారులో అరవం. బస్సులో పక్కవాడికి తెలియకూడని సంగతి ఉంటే తెలుగులోకి దిగుతారు. అట్లాంటి మాట బయటివాడి నోట వస్తే వాడిక బయటివాడు కాడు.

"మన మాట మాట్లాడే పిల్లోడు. మోసం చేసేదానికి వానికి నోరొస్తుందా?" అని అత్త పొన్నమ్మాళ్ ఆరోజే వాడికి మురుకుల పళ్ళెం పెట్టింది.

వాడు అరవంలో ఉన్న కాగితం చేతిలో పట్టుకుని తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. ఈ తవణ, ఆ తవణ, ఆఖరి తవణ. తవణ అంటే వాయిదా అని అక్కడ అందరికీ తెలుసు. కాఫీ ఇవ్వబోయిన జీవ వాడి భుజం మీదుగా కాగితం చూసింది. పంచాయతీ బళ్ళో పదో తరగతి దాకా చదివిన పిల్ల. పొట్లం కట్టిన కాగితాన్ని కూడా చదివిగాని పారేయదు. వాడు తవణ అన్న ప్రతిచోటా కాగితంలో వాడగై అని ఉంది. అంటే బాడుగ.

"తమ్ముడూ, ఇక్కడ వాడగై అని గదా ఉండాది?"

వాడు నవ్వాడు. "అది గవర్నమెంటుకు చూపించేదానికి రాసేది అక్కా. మనలో మనకు తవణే."

వాడు వెళ్ళాక తిరుమలసామి ఆమెను నిలదీశాడు. "పదో క్లాసు చదివితే వకీలయిపోయినావా? వాని ముందర నా మర్యాద తీస్తుండావు."

ఆ తర్వాత ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు. లారీ నుదుటి మీద కూతురు గోపిక పేరు రాయిస్తే, నెల తిరగకముందే కంపెనీవాళ్ళు దాని మీద తెల్లరంగు పూసేసినప్పుడూ మాట్లాడలేదు. కడిగింది. బ్లీచింగు పొడికి వేళ్ళ సందులు పగిలాయి. రెండుసార్లు సీకాయ రుద్దినా జుట్టు వాసన పోలేదు. "అమ్మా, బడి మీటింగుకు నువ్వు రావద్దు, నాన్నను రమ్మను," అంది గోపిక, తల ఎత్తకుండా. పిల్లను ఏమంటుంది? కానీ ఆ కోళ్ళను మోసుకుపోయే మనిషి, ఇంటికి రాగానే చందనం సబ్బుతో స్నానం చేసి మంచం మీద వాలి, ఆమె దగ్గరికొస్తే ముక్కు చిట్లించేవాడు. "అట్ల దూరంగా పడుకో. ఒళ్ళంతా కోళ్ళ కంపు." ఆ కంపు ఎవరి లారీదో ఆమె అడగలేదు. గోడవైపు తిరిగి తన చేతిని తానే వాసన చూసుకుంది. నిజమే, కంపే. అంతకన్నా ఎక్కువ కంపు ఆ మంచంలో ఇంకొకటి ఉందనిపించి, చాప తీసుకుని కూతురి పక్కకు పోయింది.

మొన్న కేరళలో కోళ్ళకు జబ్బు తగిలి నలభై రోజులు లోడు లేదు. కొబ్బరికాయల మండీ రాజేంద్రన్ వెతుక్కుంటూ వచ్చి లోడు ఇస్తానన్నాడు. వేరేవాళ్ళ సరుకు ఎక్కిస్తే బండి పట్టుకుపోతామని కంపెనీ చెప్పింది. లారీ వాకిట్లోనే నిలబడింది, రెండు నెలల తవణ తప్పింది. లోడు మళ్ళీ మొదలై వారమైంది. తవణ సంగతి తేల్చడానికి గోకులకృష్ణన్ ఈరోజు వస్తానన్నాడు.

బైకు చప్పుడైంది. వాడు ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని లారీ పక్కనుంచి నడిచాడు.

"ఏమక్కా, బాగుండావా? పొద్దున్నే పనిలో దిగినావు."

"నువ్వు తెచ్చిచ్చిన పనే గదా తమ్ముడూ," అంది జీవ పైనుంచి.

"అక్క నోటికి జవాబు చెప్పేవాడు ఇంకా పుట్టలే!" అని నవ్వుతూ లోపలికి పోయాడు.

కాసేపటికి అత్త కేక వేసింది. "ఏమే, చేతులు బాగా కడుక్కొని రా. పిల్లోడు తింటుండాడు."

జీవ పైపు కింద పడేసి, తడి చొక్కాతోనే వెళ్ళి వాకిలి పక్కన నిలబడింది.

"పెద్దవాళ్ళను బతిమాలి ఒప్పించినా అన్నా," అంటున్నాడు గోకులకృష్ణన్, మురుకు కొరుకుతూ. "మనవాడు, బండి లాక్కోవద్దు అని. కొత్త అగ్రిమెంటు వేస్తారు. మళ్ళీ మొదట్నించి నాలుగేళ్ళు."

"మొదట్నించా? ఇరవై నాలుగు తవణలు కట్టినా గదా?"

"అది పాత అగ్రిమెంటన్నా. రెండు తప్పితే తెగిపోయినట్టే. కట్టినదంతా బాడుగ కిందికి పోయె."

బాడుగ. ఆ మాట ఇప్పుడు వాడి నోట తెలుగులోనే వచ్చింది. తిరుమలసామి తల వంచుకున్నాడు. జీవ వైపు మాత్రం చూడలేదు.

"ఈసారి జామీను కావాల," అన్నాడు గోకులకృష్ణన్. "అక్క పేరిట కొబ్బరితోట ఉండాదంట గదా. ఆ పట్టా ఒరిజినలు, అక్క చేవ్రాలు. అంతే."

ముప్ఫై సెంట్ల నేల, పద్దెనిమిది చెట్లు. జీవ అవ్వ రామక్కాళ్ కూలి చేసి కొనుక్కుని, పోయే ముందు మనవరాలి పేరిట రాసింది. పట్టా నీ పెట్టెలో పెట్టుకో, మొగుడి పెట్టెలో వద్దు, అని రెండుసార్లు చెప్పింది.

"పోయి పట్టా తీసుకురా," అన్నాడు తిరుమలసామి.

"ముందు చదివి చెప్తాను," అని జీవ కొత్త అగ్రిమెంటు అందుకుంది.

"అంత పెద్దది ఏం చదువుతావక్కా? నేను చెప్తా గదా, మన మాటలో."

"పోయినసారి నువ్వు చెప్పింది విన్నా తమ్ముడూ. ఈసారి చదువుతా."

ఆమె నిలబడే చదివింది. అదే వాడగై, పాతచోట్లలోనే. వెనక పాత లెక్కల కాగితాలు కుట్టి ఉన్నాయి. ట్రిప్పుకు ఇంత అని కోతలు. చచ్చిన కోళ్ళకు ఇంత, ఇన్సూరెన్సుకు ఇంత. నాలుగో వరస దగ్గర ఆమె వేలు ఆగింది. వండి కళువుం కూలి, మూడు వందల యాభై. బండి కడిగే కూలి. తర్వాతి పేజీలోనూ ఉంది, ఆ తర్వాతి పేజీలోనూ. నెలకు ఇరవై నాలుగు ట్రిప్పులు. ఎనిమిది వేల నాలుగు వందలు. పక్కింటి వీరాయి నూలుమిల్లులో నెలంతా నిలబడి తెచ్చేది అంతకు కొంచెం ఎక్కువ.

ఆమెకు తన పనికి ఒక వెల ఉంటుందని తెలియదు. ఆడది ఇంట్లో చేసేది పని కాదని, వెల కట్టేదానికి అది అంగడి సరుకా అని విన్నది ఈ ఇంట్లోనే. కానీ కంపెనీవాళ్ళు వెల కట్టారు. పేరు పెట్టారు, వరస గీశారు, పైసలు తప్పకుండా పట్టుకున్నారు. రెట్ట ఆమె ఎత్తింది. కూలి వాళ్ళు తీసుకున్నారు.

"తమ్ముడూ, ఈ కడిగే కూలి ఎవరు తీసుకున్నారు? బండి కడిగింది నేను."

గోకులకృష్ణన్ కాగితం చూశాడు. మురుకు నమలడం ఆపాడు. నోరు తుడుచుకుని చెప్పాడు.

"అదెల్లాం కంపెనీ రూల్స్, మేడం. ఎనక్కు తెరియాదు."

అవన్నీ కంపెనీ రూల్సట, తనకు తెలియదట. అరవంలో చెప్పాడు. ఈ ఇంట్లో వాడు అరవం మాట్లాడడం ఇదే మొదలు. అక్క కాస్తా మేడం అయింది. పొన్నమ్మాళ్ వాడి ముఖం వైపు కాసేపు చూసింది. చెయ్యి చాచి మురుకుల పళ్ళెం తన వైపుకు లాక్కుంది.

జీవ మొగుడి వైపు తిరిగింది. "నీకు తెలుసా మామా?"

తిరుమలసామి గోడకున్న క్యాలెండరు చూస్తూ అన్నాడు. "నెలనెలా లెక్కల మెసేజు వస్తాది."

"కూలి వాళ్ళు పట్టుకుంటుంటే షెడ్డులోనే కడిగించి ఉండొచ్చు గదా?"

"షెడ్డులో రెండు గంటలు లైను. ఇంటికొస్తే ఆ రెండు గంటలు నిద్రన్నా పోతాను." విసుగ్గా అన్నాడు. "చెప్పి ఉంటే నువ్వు కడిగి ఉంటావా?"

బయట పైపులోంచి నీళ్ళు నేలపాలవుతున్న చప్పుడు వినిపిస్తోంది.

జీవ లోపలికి వెళ్ళింది. తడి చొక్కా విప్పి అతని మంచం మీద, తలగడ మీద పరిచింది. అతని చందనం సబ్బు తీసుకుని మోచేతుల దాకా మూడుసార్లు రుద్దుకుంది. చీర కట్టుకుంది. రేకుపెట్టె మూత తెరిచిన చప్పుడు విని తిరుమలసామి కలం తీసి, మూత ఊడదీసి, కాగితం పక్కన పెట్టాడు.

ఆమె భుజాన సంచితో వచ్చింది. పట్టా సంచిలో ఉంది. ముగ్గురి మధ్యనుంచి నడిచి, వాకిలి దగ్గర మోటారు స్విచ్చి ఆపింది. లారీ మీదికి ఎండ ఎక్కింది. కడగని సగం పెట్టెల్లో రెట్ట అంచుల నుంచి తెల్లబడుతోంది.

"ఏమే, బండి ఎవరు కడుగుతారు?" అన్నాడు తిరుమలసామి వెనకనుంచి.

జీవ చెప్పులు వేసుకుంది. గోపిక బడి ముందునుంచి పోయే బస్సు కోసం, గడప దిగి రోడ్డు వైపు నడిచింది.