చెరిపేసిన చుక్క

డబ్బాల్లో బఠాణీలు నింపే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ లెక్కల మేడం అనేవారు. మూత బిగించిన డబ్బాను ఎంత వేడిలో ఎన్ని నిమిషాలు ఉడికిస్తే లోపలి క్రిములు చస్తాయో తేల్చడం ఆమె పని. మొండి క్రిముల్ని వేడిలో పెట్టి, ఏ నిమిషానికి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి ఇచ్చేది ల్యాబులో పనిచేసే ఆమె వదిన. ఆ ఉద్యోగం తానే ఇప్పించానని మేడం నలుగురిలో రెండు మూడుసార్లు అనేసింది కూడా.

కొత్త సరుకు కోసం వదిన పంపిన అంకెలను ఆమె గ్రాఫు మీద చుక్కలుగా పెట్టింది. ఐదు చుక్కలు గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి. ఆరోది మాత్రం పైన ఎక్కడో నిలబడింది. అంటే చివర్లో చావాల్సిన క్రిములు చావలేదు. వదినే తప్పు లెక్కపెట్టి ఉంటుందనుకుంది. పక్క గదిలోనే ఉన్నా పిలిచి అడగలేదు. చుక్క చెరిపేసింది. దాంతో పదింట తొమ్మిది క్రిములు చావడానికి పట్టే కాలం రెండు నిమిషాల నుంచి ఒకటిన్నరకు దిగింది. అలా ఐదు విడతలుగా క్రిముల్ని తగ్గించాలి కనుక పది నిమిషాల ఉడుకు కాస్తా ఏడున్నర అయింది. ఆవిరి ఆదా అయిందని మేనేజరు మురిసిపోయాడు.

తొలి సరుకును బయటికి పంపేముందు, క్రిములు మిగిలుంటే తెలిసేలా వెచ్చటి గదిలో ఉంచి చూస్తారు. పదో రోజుకు నలభై డబ్బాలు పొట్టలు ఉబ్బించుకుని కూర్చున్నాయి.

"ల్యాబు అంకెల్లోనే తేడా ఉండుంటుంది," అన్నాడు మేనేజరు మీటింగులో.

"రెండుసార్లు లెక్కపెట్టానండీ," అంది వదిన మెల్లగా, ఆడపడుచు వైపు చూస్తూ.

మేడం ఒక్క మాట చెబితే సరిపోయేది. కాగితాలు సర్దుతున్నట్టు తల దించుకుంది. విషయం తేలేదాకా వదినను పనికి రావద్దన్నారు.

అన్నయ్య, వదిన, ఆమె ముగ్గురూ ఉండేది ఒకే ఇంట్లో. ఆ సాయంత్రం భోజనాల దగ్గర అన్నయ్య, "పెందలాడే వచ్చేశావేంటి?" అని భార్యను అడిగాడు.

"తలనొప్పిగా ఉంటే సెలవు పెట్టాను," అని, వదిన ఆడపడుచు కంచంలో కూర వేసింది. "నీకు ఇంకాస్త వెయ్యనా?"

తిట్టినా బాగుండేది. అన్నయ్య ముందు తన పరువు కాపాడుతున్నది ఎవరో తెలిసి, నేల చీలితే అందులోకి పోదామనిపించింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గదికి వెళ్లి, నిన్న మీటింగులో ఉన్నవాళ్లందరినీ పిలిపించమంది. పాత గ్రాఫు బల్ల మీద పెట్టింది. "ఆరో చుక్క నేనే చెరిపాను. ఆవిడ లెక్క సరైనదే. నిన్న ఇక్కడే కూర్చుని, తెలిసి కూడా నోరు మెదపలేదు." చెబుతుంటే చెవులు కాలిపోయాయి.

వదినను ఆ రోజే వెనక్కి పిలిచారు. ఇకమీదట మేడం లెక్కను ఇంకొకరు సరిచూశాకే సంతకం పెట్టాలన్నారు. సరుకంతా పారబోశారు.

మధ్యాహ్నం ఆమె ల్యాబు గుమ్మంలో నిలబడింది. "వదినా, నన్ను క్షమించు."

వదిన గాజు పళ్లెం మీంచి తల ఎత్తలేదు. "చుక్క చెరిపినందుకు కాదు నా బాధ. నన్నడగొచ్చుగా? నీ దృష్టిలో నేను లెక్కపెట్టడం కూడా రానిదాన్నేగా?"

కాదనబోయింది. అబద్ధమవుతుందని ఆగిపోయింది.

"కూర్చో," అంది వదిన. "మళ్లీ మొదటి నుంచీ చెయ్యాలి. నేను చెబుతుంటే రాసుకో."