డాబా మీద లంగరు

మా ఆయన ప్రేమ్‌రాజ్ సముద్రం చూసింది క్యాలెండర్లోనే. యాకుత్‌పురా నుంచి సికింద్రాబాద్‌కు బస్సెక్కితే నిమ్మకాయ వాసన చూసుకుంటూ కూర్చునే మనిషి. అలాంటివాడు రైల్వే గుమాస్తాగా రిటైరవగానే తెరచాప పడవ కొన్నాడు! ఏదో క్లబ్బువాళ్లు తుక్కు కింద అమ్మేశారట. మొత్తం పడవ మా గల్లీలో పట్టదని అడుగు కోయించి పారేసి, పైనున్న డెక్కు, తెరచాప కట్టే కొయ్య మాత్రం ముక్కలుగా డాబా మీదికి ఎక్కించాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ అడుగు లేని పడవ కొట్టుకుపోకుండా నీళ్ల ట్యాంకు పక్కన లంగరు కూడా వేశాడు.

ఎండ తగిలే జాగా అంతా దానికే పోయింది. సరిగ్గా అప్పుడే నయాపూల్‌లో మెస్సు నడిపే వరమ్మ నాకు మొదటిసారి వడియాలకు పెద్ద ఆర్డరిచ్చింది. ఆదివారానికి అందకపోతే ఇంకొకరి దగ్గర తీసుకుంటానంది. డెక్కు మీద పోసుకుంటానంటే ఆయన ఇంతెత్తున లేచాడు.

"ఉప్పు పడితే డెక్కు ఖరాబైతది. నీకేం తెల్వది, ఊకో!"

ఉప్పు సముద్రంలో తిరగాల్సిన పడవకు నా వడియాల ఉప్పు పడదట! చుట్టూ ఉన్న స్టీలు తీగల మీద తువ్వాలు ఆరేసినా లొల్లే. చెప్పులతో ఎక్కకూడదు. తాళ్లు బిగించే వించి అనే మర ముట్టుకోకూడదు. దాన్ని ఆయనే రోజూ కిరకిరా తిప్పి, నూనె పోసి, మళ్లీ తిప్పేవాడు. ఇవతల నా బియ్యం నానిపోతున్నాయి. నాకు కడుపు మండిపోయింది.

శుక్రవారం పొద్దున, పక్కింటి దస్తగీర్ భాయ్ చూస్తానన్నాడని మా ఆయన తెరచాప ఎత్తాడు. దాని అడుగున అడ్డంగా ఉండే వాసాన్ని కట్టెయ్యడం మాత్రం మరిచాడు. గాలి ఒక్కసారి తోసేసరికి ఆ వాసం గిర్రున తిరిగి ట్యాంకు పైపును ఫెళ్లున విరగ్గొట్టింది. డెక్కంతా నీళ్లే. మా కెప్టెన్ జారి లంగరు పక్కన కూలబడ్డాడు.

ఎంతైనా మొగుడు కదా, ముందు దెబ్బలేమైనా తగిలాయేమోనని చూశాను. ఏమీ కాలేదు. అప్పుడు తెరచాప దించి, కడిగి, డెక్కు మీద పరిచి, పిండి గిన్నె తెచ్చాను.

"అరే, గది తెరచాపనే!"

"గాలికి నిన్ను పడగొట్టింది సాలదా? ఎండకు నా వడియాలన్న ఆరనియ్యి. లే, కట్టె వట్టుకొని కాకులను కొట్టు."

లేచాడు. పాత చీర మీద పోస్తే సగం విరిగిపోయే వడియాలు, శనివారం సాయంత్రానికి ఆ గుడ్డ మీంచి ఒక్కటీ విరగకుండా ఊడి వచ్చాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

దస్తగీర్ భాయ్ తన డాబా మీంచి కేకేశాడు. "కెప్టెన్ సాబ్! జహాజ్ కిదర్ జారా?"

ఆయన ఇంకా కట్టె పట్టుకుని కాకుల వంకే చూస్తున్నాడు.

"ఓడ వరమ్మ మెస్సుకు పోతాంది, భాయ్!" అన్నాను నేను.