పురుళ్ల వార్డు కప్పు

దస్తగిరి పొద్దున్నే నమాజు చేసుకుని తివాచీలు నేసే షెడ్డుకి వెళ్తూ తమ్మిలేరు గట్టున కాసేపు ఆగేవాడు. పురుళ్ల వార్డు గోడలు రాత్రికి రాత్రి ఎంత లేచాయో చూసుకునేవాడు. పంధొమ్మిది వందల ముప్ఫై ఆరో సంవత్సరంలో ఏలూరు వాళ్లందరికీ అదే పని. తాడేపల్లిగూడెం మిల్లుల దగ్గర, వార్డు కోసం కమిటీ పెట్టిన లాటరీ టిక్కెట్లు బాగా తెగిన రోజున గోడలు మనిషెత్తు లేచేవి. ఓసారి కిటికీలు కూడా వాటంతటవే వచ్చాయి. తాపీవాడు లేడు, సున్నం కలిపినవాడు లేడు. కూలి ఖర్చు కలిసొచ్చిందని కమిటీవారు మురిసిపోయారు.

దస్తగిరి మాత్రం టిక్కెట్టు కొనలేదు. జూదం హరాం అని తండ్రి చెప్పిన మాట అతనికి రాతిమీద గీత. కానీ భార్య మహమూదాకి నెలలు నిండుతున్నాయి. ఇంతకుముందు కన్న ముగ్గురూ పుట్టిన పూటే పోయారు. ఈసారి బిడ్డ అడ్డం తిరిగిందని, కోసి తియ్యాల్సిందేనని మంత్రసాని ముందే చేతులెత్తేసింది. కోసే డాక్టరమ్మ వచ్చి కూచుంది, సామానూ వచ్చింది. వార్డే ఇంకా పూర్తవలేదు.

పాపం అమాయకుడు, ఓ ఉపాయం ఆలోచించాడు. బండెడు ఇటుకలు కొని దానమిచ్చి, తనే గోడమీద పేర్చాడు. తెల్లారేసరికి అన్నీ కిందపడి ఉన్నాయి. కమిటీ గుమస్తా రాజరత్నం దగ్గరికి పరిగెత్తాడు.

“నా ఇటుకలు నిలవట్లేదేంటండీ?”

“దానం ఇటుకలు కదండీ, నిలవవు,” అన్నాడు రాజరత్నం టిక్కెట్లు చింపుతూనే. “ఏడాదిపాటు చందాలకి తిరిగామండీ. ఒక్కడంటే ఒక్కడు పైసా రాల్చాడా? లాటరీ అనేసరికి ఎగబడ్డారు. కుంఫిణీ రోజుల్లో చెన్నపట్నం రోడ్లు కూడా ఇలాగే వేశారంటండీ. మొన్న కొల్లేటి లంకల్లోంచి ఓ జాలరి వచ్చి ఒక్క టిక్కెట్టు కొన్నాడు. వాడి ఒక్కడి ఆశకే గుమ్మం మొత్తం లేచింది!”

దస్తగిరి తౌబా తౌబా అనుకుంటూ ఒక టిక్కెట్టు కొన్నాడు. గోడ వీసమెత్తు కదల్లేదు.

“కొంటే సరిపోతుందేంటండీ? ప్రైజు మీద ఆశ ఉండాలి,” అన్నాడు రాజరత్నం జాలిగా. “పోనీ ఇవాళ్టినుంచి అలవాటు చేసుకోండి.”

అలవాటు కాలేదు. రోజూ ఆ గోడ ముందు నిలబడి డబ్బు కావాలి, డబ్బు కావాలి అనుకునేవాడు. మనసులో మహమూదా మొహమే కనబడేది. దానికి గోడ లేవదు.

ఈలోగా వానలు పట్టుకున్నాయి. కొల్లేరు పొంగి లంకలు మునిగాయి. కొంపే మునిగినవాడు లాటరీ టిక్కెట్టేం కొంటాడు? నాలుగు గోడలూ నిలబడ్డాయి గానీ కప్పు పడలేదు.

ఆ జడివానలోనే, ఓ మధ్యాహ్నం, మహమూదాకి నొప్పులొచ్చాయి. ఊళ్లో ఇళ్లన్నీ మోకాల్లోతు నీళ్లలో ఉన్నాయి. ఎత్తుమీద ఉన్నది ఆ వార్డొక్కటే. ఇరుగుపొరుగు మంచంతో సహా మోసుకొచ్చి అందులో దించారు. నర్సు రాజకుమారి గొడుగు పట్టుకుని నిలబడింది.

“ఈ వానలో కడుపెలా కొయ్యమంటారండీ?” అంది ఏడుపు గొంతుతో. “కప్పు పడకపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. మీ దగ్గర టిక్కెట్టుంది కదా, కాస్త ఆశపడండి, మీకు పుణ్యముంటుంది!”

దస్తగిరి బయటికొచ్చి తడి గోడకి నుదురు ఆనించాడు. సొంత మగ్గం కావాలనుకున్నాడు. పైన ఓ వాసం లేచింది. పెంకుటిల్లు కావాలనుకున్నాడు. మరో రెండు లేచాయి. లోపల మహమూదా కేక పెట్టింది. ఇంకేం కావాలి, ఇంకేం కావాలి అని మనసంతా దేవుకున్నాడు.

అప్పుడొచ్చింది ఆ ఆలోచన. మహమూదా పోతే పోనీ. చేతిలో ప్రైజు ఐదువేలుంటే పిల్లనివ్వడానికి ఎవరు కాదంటారు? పడుచు పిల్ల. ఏడాదికో బిడ్డని, బతికే బిడ్డని, కనే పిల్ల. వాళ్లు ఇల్లంతా పాకుతూ కనబడ్డారు. అబద్ధమెందుకు, ఆ ఆలోచన తియ్యగానే ఉంది. ఆ క్షణాన ప్రైజు కావాలని అతని ఒళ్లంతా కోరుకుంది.

కప్పు పడింది. వాసాలూ పెంకులూ ఈ చివర నుంచి ఆ చివరికి పరుచుకున్నాయి. లోపల వాన ఆగిపోయింది. డాక్టరమ్మ కత్తి తీసింది. దీపాలు పెట్టేవేళకి మగబిడ్డ కేరుమన్నాడు. మహమూదా కూడా బతికింది.

లాటరీ తీసిన రోజున ప్రైజు ముదినేపల్లిలో ఎవరికో తగిలింది. దస్తగిరి తన టిక్కెట్టు చూసుకోనైనా లేదు. ఆ రోజే మహమూదా లేచి దిండుకి ఆనుకుని కూచుంది. బిడ్డని అతని ఒళ్లో పెట్టింది.

“ఏవండీ, నర్సమ్మ చెప్పింది. ఈ కప్పంతా మీ ఒక్కరి ఆశేనటగా! నేను బతకాలని ఎంత తల్లడిల్లిపోయారో,” అంటూ అతని చెయ్యి తీసి కళ్లకద్దుకుంది.

“అవును,” అన్నాడు దస్తగిరి.

అని, భయంగా తలెత్తి పైకి చూశాడు. ఒక్క పెంకైనా జారి తన నెత్తిమీద పడితే బాగుండుననుకున్నాడు. ఏదీ కదల్లేదు.