కడుపు నొప్పి కాదు

రెండేళ్లుగా మా సంఘమంతా నా కడుపు నొప్పి కోసం ప్రార్థన చేస్తోంది. నాకు కడుపు నొప్పి లేదు. ముగ్గుర్ని కని, పన్నెండేళ్లు బడిలో మధ్యాహ్న భోజనం గిన్నెలు మోశాక గర్భసంచి కిందికి జారింది. ఆ మాట అనడానికి నోరు రాక, మా ఆయన జయరాజ్‌తో "కింద ఏదో బరువుగ ఉంటుందయ్యా" అన్నాను. ఆయన సిగ్గుపడి ప్రార్థన చీటీలో 'సంపూర్ణకు కడుపు నొప్పి' అని రాశాడు. పాస్టరు గారు మైకులో చదివారు. ఇక ఇల్లందులో మాకు తెలిసిన అందరికీ నాది కడుపు నొప్పే.

జయరాజ్ చెడ్డవాడు కాదు. కాకపోతే నన్ను ఎవరు ఏమడిగినా జవాబు ఆయన దగ్గర సిద్ధంగా ఉంటుంది. రెండు నెలల కిందట మా ఆశా వర్కరు అమ్మాయి ఖమ్మం డాక్టరమ్మతో వీడియో కాల్ ఏర్పాటు చేసింది. ఫోను ఆయనది, పట్టుకున్నదీ ఆయనే. "చెప్పండమ్మా, ఏం ఇబ్బంది?" అని ఆమె నన్నడిగితే, "కడుపు నొప్పి మేడం, టైముకు తినది" అన్నాడు ఆయన. నేను పక్కన గంగిరెద్దులా తలూపాను. గ్యాస్ గోలీలు రాసింది. వాటిని క్రమం తప్పకుండా మింగాను, నా తెలివి అలాంటిది.

పోయిన వారం బడిలో పప్పు గిన్నె ఎత్తబోయి, లోపలున్నదంతా జారిపోతున్నట్టుంటే సగంలో దించేశాను. హెడ్మాస్టరు చూశారు. "చాతగాకపోతే చెప్పు సంపూర్ణా, ఇంకొకర్ని చూసుకుంటం" అన్నారు. ఆ పని పోతే నాకు ఇంకో పని దొరకదు. ఈసారి కూడా గ్యాస్ గోలీలే వస్తే తప్పు నాదే అవుతుంది.

మంగళవారం పదకొండింటికి మళ్లీ కాల్. మా ఇంట్లో సిగ్నల్ కిటికీ దగ్గరే వస్తుంది. జయరాజ్ ఫోను పట్టుకుని అక్కడ కుర్చీ వేసుకున్నాడు.

"ఫోను నాకియ్యి. నువ్వు పంపు కాడికి పో" అన్నాను.

"నీకు వీడియో పెట్టుడు రాదు."

"పెట్టిచ్చి పో."

"నా ముంగట చెప్పరానిది ఏముందే?"

"ఉంది."

ఆయన వెళ్లాక కిటికీ రెక్క మూసి, తలుపు గొళ్లెం పెట్టాను. డాక్టరమ్మ తెర మీదికి వచ్చింది.

"కడుపు నొప్పి తగ్గిందా అమ్మా?"

"నాకు కడుపు నొప్పి లేదు మేడం." ఫోను మొహానికి దగ్గరగా పట్టుకున్నాను. "గర్భసంచి జారింది. బరువు లేపితే కిందికొస్తది. దగ్గితే ఒంటేలు ఆగది. రెండేండ్లాయె."

ముందే ఎందుకు చెప్పలేదని కోప్పడుతుందనుకున్నాను. "ఇప్పుడు మీ పక్కన ఎవరైనా ఉన్నారా?" అని మాత్రం అడిగింది. లేరన్నాను. అప్పుడు ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. ఫోనులో పరీక్ష చేయలేనని, శుక్రవారం రమ్మని, గర్భసంచి జారకుండా లోపల రింగు పెట్టి ఆపవచ్చో ఆపరేషనే కావాలో చూసి చెబుతానని అంది. అప్పటిదాకా గిన్నెలు ఎత్తవద్దంది. రెండేళ్లలో నా మాట ఒకరు పూర్తిగా విన్నది ఆ పది నిమిషాలే. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

తలుపు తీసి జయరాజ్‌కు అంతా చెప్పాను.

"గింత బాధ ఉంటే నాకెందుకు చెప్పకపోతివే?"

"నన్నెప్పుడు అడిగినవయ్యా? జవాబులే చెప్పుకుంట వస్తివి."

శుక్రవారం ఇద్దరం ఖమ్మం వెళ్లాం. రింగు పెట్టారు. మర్నాడు హెడ్మాస్టరు దగ్గరికి నేనే వెళ్లి, వంట నాదే, గిన్నె ఎత్తడం మాత్రం ఇద్దరి పని అని చెప్పాను. కాసేపు గొణిగి ఒప్పుకున్నారు.

ఆదివారం జయరాజ్ అలవాటుగా చీటీ తీసి 'సంపూర్ణకు కడుపు' దాకా రాసి ఆగాడు. పెన్ను నాకిచ్చాడు. నేను కొట్టేసి అసలు మాట రాశాను.

పాస్టరు గారు నా పేరు చదివి, కళ్లజోడు సర్దుకుని, మిగతాది కూడా చదివారు. మగవాళ్ల వైపు దగ్గులు మొదలయ్యాయి. నేను తల దించుకోలేదు.

ప్రార్థన ఇంకా మొదలే కాలేదు, ఆడవాళ్ల వైపు నుంచి గట్టిగా "ఆమేన్" అని వినిపించింది. వెనక్కి తిరిగి చూశాను. తబితమ్మ. ఆమె కడుపు నొప్పి కోసం మేమంతా పదకొండేళ్లుగా ప్రార్థన చేస్తున్నాం.