బల్గేరియా వాడి కాలు

కిర్గిజ్ దేశంలో నారిన్ ఊరి బజారులో నాది క్షవరం దుకాణం. రెండు కుర్చీలు, ఒక బల్ల, ఒక బొగ్గుల పొయ్యి, గోడకి టీవీ. గడ్డం గీయించుకోవడానికి వచ్చేవాళ్ళు కొందరు, కుస్తీ పోటీల ఫలితాల మీద నా అభిప్రాయం వినడానికి వచ్చేవాళ్ళు మరికొందరు. అడక్కపోయినా చెబుతాను కాబట్టి మొదటి రకం వాళ్ళు కూడా వినే వెళతారు.

నా అభిప్రాయం ఎప్పుడూ ఒకటే. కిర్గిజ్ కుర్రాడు గెలిస్తే అది వాడి తల్లిపాల బలం. ఓడితే రిఫరీ గుడ్డివాడు. ఒలింపిక్స్ అయినా, ప్రపంచ పోటీలైనా, ఆసియా పోటీలైనా ఈ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. నా స్నేహితుడు జోల్చు మాత్రం ఒప్పుకోడు. బొగ్గు లారీ తోలి తోలి వాడికి మనుషుల మీద నమ్మకం పోయింది. "గుడ్డోడు కాదురా సాతిబాల్దీ, అమ్ముడుపోయాడు" అంటాడు. ముప్పై ఏళ్ళుగా ప్రతి ఓటమికీ నేను గుడ్డివాడనడం, వాడు అమ్ముడుపోయాడనడం, చివరికి ఇద్దరం టీవీని తిట్టి టీ తాగడం. ఈ వాదన తప్ప మా మధ్య ఏనాడూ పేచీ లేదు.

ఇలాంటి నా ఇంట్లోనే ఒక రిఫరీ పుట్టింది. మా అమ్మాయి బురుల్. చిన్నప్పుడు జోల్చు కొడుకు తాలాయ్‌తో కలిసి ఈ ఊళ్ళోనే కుస్తీ నేర్చుకుంది. సగం రోజులు అన్నం కూడా వాళ్ళింట్లోనే. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక ఈల పట్టుకుంది, ఇప్పుడు దేశాలు తిరుగుతోంది. రిఫరీ తన దేశం వాళ్ళ కుస్తీకి నిలబడకూడదు. అందుకని మా పిల్ల వల్ల మనవాడు ఓడే ప్రమాదం లేదని నిశ్చింతగా ఉండేవాణ్ణి.

ఈ ఏడు ప్రపంచ పోటీలు పక్కనున్న కజఖ్ దేశంలోనే పెట్టారు. తాలాయ్‌కి ఇవే ఆఖరు. ముప్పై రెండేళ్ళు వచ్చాయి, మోచెయ్యి సరిగా వంగదు, ప్రపంచ పతకం ఒక్కటీ లేదు. బయలుదేరే ముందు జోల్చు గొర్రెను కోశాడు. పెద్దవాళ్ళం అరచేతులు చాచి, దీవించి, "ఓమిన్" అంటూ ముఖాలు తుడుచుకున్నాం.

ఇంత చేస్తే, పొద్దున మొదటి కుస్తీలోనే బల్గేరియా వాడి చేతిలో ఒక్క పాయింటుతో ఓడిపోయాడు.

"రిఫరీ గుడ్డోడు!" అన్నాను నేను.

"అమ్ముడుపోయాడు!" అన్నాడు జోల్చు. "ఆ బల్గేరియా వెధవ మొహం చూడు. ఆ చెవులు చూడు, ఎవరో నమిలి ఊసినట్టు. వాడి కాళ్ళు విరగ!"

మూలన టీ తాగుతున్న సగిన్ చెయ్యెత్తాడు. బడిలో లెక్కల మాస్టారు, మా ఇద్దరి కన్నా చిన్నవాడు. "అన్నా, ఆ కాళ్ళ సంగతి కొంచెం ఆగు" అన్నాడు. "మనవాణ్ణి ఓడించినోడు ఫైనల్‌కి వెళితే, మనవాణ్ణి రేపు మళ్ళీ పిలుస్తారు. కంచు పతకానికి ఇంకో దారుంటుంది."

"అంటే?"

"అంటే ఇప్పుడు బల్గేరియా వాడు గెలవాలి. గెలుస్తూనే ఉండాలి."

జోల్చు టీ కప్పు కింద పెట్టాడు. "వాడు గెలవాలా? వాడి కాళ్ళు విరగాలని ఇప్పుడే గదరా అన్నాను!"

"వెనక్కి తీసేసుకో అన్నా. నీ శాపం ఇంకా చేరుండదులే."

ఏం చేయాలో ఎవరికీ పాలుపోలేదు. పొద్దున శపించినవాణ్ణి మధ్యాహ్నం నెత్తిన పెట్టుకోవడమెలా? కానీ అవసరం మాది. బల్గేరియా వాడు రెండో కుస్తీ గెలిచాడు, చప్పట్లు కొట్టాం. మూడోది గెలిచాడు, జోల్చు కళ్ళు తుడుచుకుని "ఎంత కష్టపడుతున్నాడురా బిడ్డ" అన్నాడు. జోల్చు పెళ్ళాం కనిషాయ్ ఇంటి నుంచి వేడివేడి పిండి బూర్సోకులు నూనెలో వేయించి పంపింది. సాయంత్రం సెమీఫైనల్ మొదలయ్యే వేళకి దుకాణం కిటకిటలాడిపోయింది. పెద్దవాళ్ళంతా టోపీలు సర్దుకుని, టీవీ వైపు అరచేతులు చాచి, ముక్కూ మొహం తెలియని ఆ బల్గేరియా వాడిని మనస్ఫూర్తిగా దీవించాం. "ఓమిన్" అన్నాక నాకే నవ్వాగలేదు.

అప్పుడే మ్యాట్ మీదకి రిఫరీ వచ్చింది. ఒక మణికట్టుకి ఎర్ర పట్టీ, ఇంకో దానికి నీలం పట్టీ. బురుల్.

దుకాణం కప్పు ఎగిరిపోయింది. ఒకడు నా వీపు చరిచాడు, ఇంకొకడు నా తల మీద టోపీ పీకి పైకి విసిరాడు. బల్గేరియాకి, జపాన్‌కి మధ్య కుస్తీ కాబట్టి ఆమెను వేశారు. ఆ ఫలితం మీద మా తాలాయ్ బతుకు ఆధారపడి ఉందని ఆ వేసినవాళ్ళకేం తెలుసు? కుర్చీలో మొహం నిండా సబ్బు నురగతో ఉన్న జోల్చు తల వెనక్కి తిప్పి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. "మన పిల్లే. చూసుకుంటుందిలే."

ఆ మాట నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో తెలియలేదు. ఎందుకంటే నేనూ సరిగ్గా అదే అనుకుంటున్నాను.

రెండు, రెండు. సమానం. ఆఖరి క్షణాలు. నీలం బట్టల బల్గేరియా వాణ్ణి ఎర్ర బట్టల జపాన్ వాడు అంచుకి నెట్టుకుపోయాడు. అంచున బల్గేరియా వాడు ఒక్కసారి విరుచుకుని జపాన్ వాణ్ణి ఎత్తి అవతలికి పడేశాడు. దుకాణమంతా లేచి నిలబడింది. జపాన్ వాణ్ణి ఎత్తాక బల్గేరియా వాడి కాలు బయట పడితే పాయింట్లు బల్గేరియాకి, మా తాలాయ్‌కి రేపటి దారి తెరుచుకున్నట్టే. ఎత్తే ముందే కాలు బయట పడితే ఒక పాయింటు జపాన్‌కి, అంతటితో సరి.

బురుల్ ఎర్ర పట్టీ చెయ్యి ఎత్తింది. ఒక్క వేలు. పాయింటు జపాన్‌కి.

బల్గేరియా కోచ్ లబోదిబోమన్నాడు. వీడియో చూడమన్నాడు. మాకూ చూపించారు, మళ్ళీ మళ్ళీ చూపించారు. ఎన్నిసార్లు వేసినా బొమ్మలో కాలు లేదు. కాలు ఉండాల్సిన చోట మా అమ్మాయి వీపుంది. సరిగ్గా కెమెరాకి అడ్డంగా, వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. వీడియోలో తేలడం లేదు కాబట్టి రిఫరీ మాటే ఖాయం అని వ్యాఖ్యాత చెప్పాడు. ఆ కాలిని చూసినవాళ్ళు భూమ్మీద ఒక్కరే, ఆ ఒక్కరు నా కూతురు.

నేను జోల్చు నోటి వంక చూశాను. ఇంకే వైపూ చూడలేకపోయాను. ముప్పై ఏళ్ళుగా ప్రతి రిఫరీ మీదా వాడనే మాట ఇప్పుడు అంటాడు. నా ఎదురుగా, నా కుర్చీలో కూర్చుని, నా బిడ్డ అమ్ముడుపోయిందంటాడు. అన్నాక నేనేం చేయాలి? కొట్టాలా? ఒప్పుకోవాలా? చేతిలో కత్తి ఉంది, దాన్ని నెమ్మదిగా గిన్నెలో పెట్టేశాను.

వాడేమీ అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు. గుడ్డోడు, దొంగోడు, తిన్నోడు అని రోజూ గోడలు దద్దరిల్లే దుకాణంలో టీవీ ఒక్కటే మాట్లాడుతోంది. నా మొహం చూసి మర్యాద పాటిస్తున్నారు. ఆ మర్యాద కన్నా నాలుగు బూతులు తిట్టినా బావుండేది. టోపీలు తీసుకుని ఒక్కొక్కరే "వస్తాం అన్నా" అంటూ వెళ్ళిపోయారు. జోల్చు నా భుజం మీది తువ్వాలు లాక్కుని నురగ తుడుచుకున్నాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప బూడిద రంగు గడ్డంతో అలాగే ఉంది. మెడ చుట్టూ మఫ్లర్ చుట్టుకుని బయటికి నడిచాడు. పళ్ళెంలో సగం బూర్సోకులు మిగిలిపోయాయి.

దీపాలు పెట్టే వేళకి ఇంటికెళితే మా ఆవిడ ఉల్కాన్ ఎదురొచ్చింది. ఆమెకి అప్పటికే తెలిసిపోయింది. నేను గొణగడం మొదలుపెట్టానో లేదో అందుకుంది.

"ఏమయ్యా, తిట్టవేం? ఇన్నాళ్ళూ ఎవరెవరి పిల్లల్నో తిట్టావు గదా. ఇవాళ నోరు పడిపోయిందా?"

అంతలోనే బురుల్ ఫోన్ చేసింది.

"నాన్నా, చూశావా?"

"చూశాను."

"ఏం చూశావు?"

"నీ వీపు."

నవ్వబోయి ఆగిపోయింది. "జోల్చు బాబాయ్ ఆ మాట అన్నాడా?"

"అనలేదు. ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదా?" ఆ పిల్ల పెరిగింది మా దుకాణం బల్ల మీద. ఏమీ అనకపోవడమంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

"బురుల్, నాకు మాత్రం చెప్పు. కాలు ముందే పడిందా?"

"పడింది నాన్నా. పడిందనే చూశాను." "కానీ ఇప్పుడేమో తెలీట్లేదు. మనవాడికి సాయం చేసిందంటారేమో అన్న భయం నాలో ఎక్కడో ఉందేమో. తాలాయ్ సంగతి నాకు తెలీకపోతే ఆ కాలు అంత గట్టిగా కనపడేదా? నువ్వు చెప్పు. నువ్వు ఇన్నేళ్ళుగా చూస్తున్నావు గదా. తప్పు చేశానా?"

నా జన్మలో నన్ను అభిప్రాయం అడిగినవాళ్ళున్నారు గాని, ఇంత ప్రాణం పెట్టి అడిగినవాళ్ళు లేరు. నా దగ్గర ఒక్క ముక్క లేదు. గెలిచినా ఓడినా నోట్లో సిద్ధంగా ఉండే మాట ఎటు పోయిందో పోయింది.

"నాకు తెలీదమ్మా" అన్నాను. ఉల్కాన్ చేస్తున్న పని ఆపి నావైపు తిరిగి చూసింది.

"రేపు ఒక కంచు పతకం కుస్తీ నాకిచ్చారు. ఒంట్లో బాలేదని చెప్పేస్తాను" అంది బురుల్. "ఈల కూడా ఇచ్చేసి వచ్చేస్తాను. ఊళ్ళో నీకు తలవంపులు నావల్ల ఎందుకు?"

"నువ్వు మానేస్తే నీ చోట ఇంకొకడు నిలబడతాడు. వాడు నీకన్నా బాగా చూస్తాడని నమ్మకమేంటి? వాడికి ఇంత బాధ కూడా ఉండదు." ఈ మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు తెలియదు. "వెళ్ళి నిలబడు. కెమెరాకి మాత్రం అడ్డం రాకు తల్లీ."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఒప్పుకుందో, ఏడ్చిందో, కోపమొచ్చిందో తెలియలేదు. మంచి మాటే చెప్పానా, పిల్లని ఇంకా మంటల్లోకి తోశానా అన్నదీ తెలియలేదు.

మర్నాడు దుకాణం తీసి, పొయ్యి వెలిగించి కూర్చున్నాను. మధ్యాహ్నం దాటినా ఒక్కడు రాలేదు. సందు చివర ఇంకో క్షవరం దుకాణం ఉంది. అక్కడికి ఎవరెవరు వెళ్ళారో చూడకూడదని తలుపు దగ్గరికి కూడా వెళ్ళలేదు. కంచు పతకం కుస్తీలు మొదలయ్యే ముందు తలుపు తెరుచుకుంది. జోల్చు. మఫ్లర్ విప్పాడు. ఒక చెంప నున్నగా, రెండో చెంప నిన్నటి మాదిరే.

ఇంకో దుకాణానికి వెళ్ళలేదు వీడు. ఊరంతా నవ్వినా సగం గడ్డంతోనే తిరిగాడు. దీనికి అర్థమేమిటి? క్షమించాడనా? నా పని నాతోనే ముగించుకుని ఇక రానని చెప్పడానికా? వాడు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేను నురగ పట్టించాను. ఇద్దరం అద్దంలోంచి టీవీ చూస్తున్నాం.

ఇరాన్ వాడికి, కజఖ్ కుర్రాడికి కుస్తీ. రిఫరీ వచ్చింది. ఎర్ర పట్టీ, నీలం పట్టీ. బురుల్ ముఖం రాత్రంతా నిద్రలేనట్టుంది, నడక మాత్రం గట్టిగానే ఉంది. జోల్చు గొంతు సవరించుకున్నాడు, అంతే.

కజఖ్ వాడంటే మాకు తమ్ముడి కింద లెక్క. ఎంత వద్దనుకున్నా జోల్చు వాడి కోసం కుర్చీలో ముందుకి జరుగుతూనే ఉన్నాడు. ఆఖర్లో ఇద్దరూ అంచుకి వచ్చారు. తోసుకున్నారు. ఎవడి కాలో బయట పడింది. బురుల్ చెయ్యి ఎత్తింది. పాయింటు ఇరాన్ వాడికి.

జోల్చు కుర్చీలోంచి లేచిపోయాడు. నురగ అద్దం మీద పడింది.

"ఒసేయ్ గుడ్డిదానా!" అని అరిచాడు. "కాలు లోపలే ఉంది గదే! కళ్ళు ఇంట్లో పెట్టి వెళ్ళావా? గుడ్డిదానా!"

తర్వాత ఉలిక్కిపడి అద్దంలో నా వంక చూశాడు.

ముప్పై ఏళ్ళలో జోల్చు ఏ రిఫరీనీ గుడ్డి అనలేదు. వాడి దృష్టిలో ప్రపంచంలోని రిఫరీలందరూ అమ్ముడుపోయినవాళ్ళే. ఆ కాలు లోపల పడిందో, బయట పడిందో నేను చూడలేదు. నిన్నటి కాలు సంగతి నాకు ఎప్పటికీ తెలియదు. కళ్ళు మసకబారిపోయి టీవీయే కనపడలేదు.

"గుడ్డిదేరా" అన్నాను. "నిజంగా గుడ్డిదే."

"మరి కాదూ?" అని జోల్చు కూర్చుని, రెండో చెంప నావైపు తిప్పాడు.